నైట్ డ్యూటీ వారం

జీడిమెట్లల మా ఇంటెనుక జామచెట్టు
నేను పెట్టింది కాదు.
మునుపు కిరాయికున్నోళ్ళు తిని ఊసిన గింజ
మోరీ పక్కన తడి చూసుకొని లేచింది.
ఏడేండ్లు ఎవరినీ ఏమీ అడగలే.

ఈ ఏడు ఆకు కొనలు కాలినయి.
ఎవరో ఓపిగ్గ చెట్టంత తిరిగి
ఒక్కో ఆకుకు బీడీ ముట్టించినట్టు.
పూత నిలవదు. తెల్లారంగ మెట్ల మీద తెల్లగ,
చీపురు పట్టేసరికి గోధుమరంగు.
నిలిచిన నాలుగు పిందెలు
గోలీలంతయి ఆగినయి.
ఒకటి కొరికి చూసిన.
పంటి కింద రాయి. నాలుక మీద వగరు కాదు, పులుపు కాదు,
మా ప్లాంటు గేటు కాడ గాలి ఎట్లుంటదో అట్ల.

పక్కింటి ఖైరున్నీసా మేక
సిమెంటు సంచి తింటది, పెండ్లి పత్రికలు తింటది,
ఎలక్షన్ పోస్టరు గోడకున్నది ఉన్నట్టే నములుతది.
మా జామ కొమ్మ ఇరిచి ఏస్తే
వాసన చూసి మొకం తిప్పుకుంది.
"దానికి మాలూమైంది భయ్యా" అన్నదామె.
నేను నవ్విన.

ఏపనూనె కొట్టిన. పుల్లటి సల్ల పోసిన.
నర్సరీ లింబయ్య వచ్చి ఆకు తిప్పి చూసి
"పురుగు లేదు, బూజు లేదు.
ఆకెనుక సూదిమొనంత నోళ్ళుంటయి, అన్నీ పూడినయి.
దమ్మాడుతలేదు దీనికి, ఇంకేం లేదు" అన్నడు.
వంద ఇయ్యబోతే తీసుకోలే.

మా నవనీత ఎనిమిదో తరగతి.
బడిల ఏదో ప్రాజెక్టు ఇచ్చిన్రంట.
రోజూ పొద్దున ఒక ఆకు మీద సెల్లోటేపు అంటించి
మెల్లగ పెరికి, నోటుబుక్కుల అతికిస్తది.
కింద తారీఖు.
పేజీలు తిప్పితే ఈనెలతో సహా దిగిన మసి,
ఆధార్ సెంటర్ల చెట్టును నిలబెట్టి
ఏలిముద్రలు తీసుకున్నట్టు.

నిన్న డ్యూటీ దిగొచ్చి చాయ్ తాగుతుంటే
ఆ పుస్తకం ముంగట పెట్టింది.
"నాయినా, ఈ వారం బూడిద రంగు.
మళ్ళ బూడిద. ఇది నలుపు.
మళ్ళ బూడిద, బూడిద. నలుపు."
గోడ క్యాలెండర్ల వాళ్ళమ్మ ఎర్రపెన్నుతో చుట్టిన
నా నైట్ డ్యూటీ వారాలు
ఆ నల్ల పేజీల మీద ఒక్కటి తప్పకుంట కూసున్నయి.
పిల్ల ఏమీ అడగలే. లెక్క చెప్పి
జడ ఏసుకోను పోయింది.

రాత్రి రెండు దాటినంక ఫోనొస్తది.
"తిప్పు" అంటడు సూపర్‌వైజరు, పేరు పెట్టి పిలవడు.
పొగను కడిగే తొట్టికి పొయ్యే దారి మూసి
సీదా చిమ్నీకి తెరవాలె.
చక్రం పదకొండు చుట్లు.
కడిగే మందుకు పైసలైతయి,
రాత్రికి కండ్లు లేవు.
మిగిలిన ఇద్దరు ఆపరేటర్లు పర్మినెంటు, చెయ్యి పెట్టరు.
నేను కాంట్రాక్టు.
అందుకే నా వారం దాక దాచిపెడ్తరు.
గాలి ఎటు పోతదో ఎన్నడూ చూడలే నేను.
నా కొలువు గేజీని చూసుడు.

పగలు నిద్ర రాలే.
తువ్వాల తడిపి చెట్టు కాడికి పోయిన.
ఒక్కో ఆకు రెండు దిక్కులా తుడిచిన,
జరమొచ్చిన పిల్ల మొకం తుడిచినట్టు.
అందిన కాడికే. పై కొమ్మలు అందలే.
బకెట్టు నీళ్ళు నల్లగైనయి, మార్చిన, మళ్ళ నల్లగైనయి.
నాకు తెల్వకుంటనే లెక్క పెడుతున్న,
పదకొండో ఆకు కాడ చెయ్యి ఆగింది.

అప్పుడే బడి సంచితో వచ్చింది నవనీత.
ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.
"తుడవకు నాయినా, లెక్క ఖరాబైతది!"

తువ్వాల పిండి తీగె మీద ఆరేసిన.
డబ్బా సర్దుకున్న.
ఈ వారంల
ఇంక రెండు రాత్రులున్నయి.